ఎర్ర ఫైలు, నీలం ఫైలు

నా దగ్గర రెండు ఫైళ్ళు ఉండేవి. ఒకటి ఎర్రది, ఒకటి నీలం. రెండిట్లోనూ ఉన్నది ఒకే సంగీతం, పియానో వాయించేవాళ్ళ కోసం అచ్చువేసిన కాగితాలు. ఎర్ర ఫైల్లో ఉన్నది పై శ్రుతిలో, నీలం ఫైల్లో ఉన్నది దానికంటే ఒక స్వరం కింద. ఈ రెండు ఫైళ్ళ సంగతి అర్థమైతే మా అన్నయ్య జీవితం సగం అర్థమైనట్టే. మిగతా సగం నా తెలివితక్కువతనం.

మా అన్నయ్య డబుల్ బేస్ వాయించేవాడు. ఫిడేలు జాతిలోకల్లా పెద్దది, మనిషి నిలబడి భుజానికి ఆనించుకుని వాయించేది. ఆర్కెస్ట్రాలో వెనకెక్కడో ఉండి అందరికీ అడుగున పలికే వాయిద్యం అది. దాన్ని తీసుకొచ్చి స్టేజి మధ్యలో నిలబెట్టి, సోలో వాయించి బతకాలనుకునేవాళ్ళు ఆ రోజుల్లో అమెరికా మొత్తమ్మీద వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంతమంది. వాళ్ళలో గుంటూరువాడు ఒక్కడే అని వేరే చెప్పనక్కర్లేదు.

సోలో వాయించేవాళ్ళు సన్నటి తీగలు వేసుకుని, అన్నిటినీ మామూలు కంటే ఒక స్వరం పైకి బిగిస్తారు. అప్పుడు ఆ బండ గొంతు తేలికపడి హాలు చివరిదాకా వినిపిస్తుంది. వేళ్ళు పెట్టే చోట్లు మారవు, పలికేది మాత్రం ఒక స్వరం పైన. అందుకని పక్కన పియానో వాయించే నేను కూడా ఒక స్వరం పైన వాయించాలి. దానికి ఎర్ర ఫైలు. తీగలు మామూలు చోటికి దించుకుంటే నీలం ఫైలు. ఒకరు ఎర్రలో, ఇంకొకరు నీలంలో ఉంటే ఎలా ఉంటుందో తెలియడానికి సంగీతం రానక్కర్లేదు. చెవులున్న ఎవడైనా లేచిపోతాడు.

మేం గుంటూరు మిషన్ కాంపౌండులో పుట్టి పెరిగాం. మా నాన్న చర్చిలో హార్మోనియం వాయించేవాడు. నాటకాల వాళ్ళు కబురంపితే చాటుగా వాళ్ళకీ వాయించి వచ్చేవాడు. ఆ సంగతి పాదిరిగారికి తెలుసు, తెలియనట్టు ఉండేవాడు. పాదిరిగారి గొంతు ముసలిదైపోతున్న సంగతి నాన్నకి తెలుసు, ఆయనా తెలియనట్టే ఉండేవాడు. కీర్తన మొదలయ్యే ముందు పాదిరిగారు ఒకసారి గొంతు సవరించుకునేవాడు. ఆ సవరింపులోనే నాన్న వినాల్సింది వినేసి, మారు మాట్లాడకుండా ఒక మెట్టు దించి పట్టుకునేవాడు. పద్యాలు పాడే నటులకీ అంతే. "అడిగితే మనిషి చిన్నబుచ్చుకుంటాడమ్మా. చెవితో విని దించెయ్యాలి," అని నాకు ఎనిమిదో ఏట నేర్పాడు. నాన్న నేర్పినవాటిలో నేను తు.చ. తప్పకుండా పాటించింది అదొక్కటే.

అన్నయ్య పదిహేడో ఏట మద్రాసు వెళ్ళి సినిమా రికార్డింగుల్లో బేస్ వాయించాడు. రోజుకి రెండు కాల్షీట్లు, మైకుకి అందరికంటే దూరంగా, గోడ పక్కన. అక్కడ ఒక ముసలి మాస్టారు ఆయన్ని కూర్చోబెట్టి అసలు విద్య చెప్పాడు. అక్కణ్ణుంచి స్కాలర్‌షిప్ మీద అమెరికా, సంగీత కళాశాల, ఒక పెద్ద పోటీలో మొదటి బహుమతి. నేను నర్సింగు చదివి డెబ్భైల మొదట్లో ఇల్లినాయ్ వచ్చాను, అరోరాలో ఒక ఆసుపత్రిలో చేరాను. పియానో మిషన్ స్కూల్లో తెల్లదొరసాని దగ్గర నేర్చుకున్నదే. అన్నయ్య ఒకసారి నాతో వాయించి చూసుకుని, "ఇంకెవరూ వద్దే. నువ్వు నేను ఊపిరి పీల్చడం వింటావు," అన్నాడు. నాకు తెలిసి ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. దాంతో పన్నెండేళ్ళు గడిపేశాను.

పోటీ గెలిచాక ఒక ఏజెన్సీ ఆయన్ని తమ జాబితాలో పెట్టుకుంది. వాళ్ళు ఊళ్ళు చూపిస్తే మేం వెళ్ళేవాళ్ళం. ఇల్లినాయ్, అయోవా, మిస్సోరి, ఒక్కోసారి ఇంకా దూరం. లైబ్రరీలు, చర్చీలు, హైస్కూలు జిమ్ములు. స్టేషన్ వాగన్‌లో ముందు సీటు మడిచి బేస్‌ని పొడవునా పడుకోబెట్టేవాళ్ళం, నేను వెనక సీట్లో ఒక పక్కకి ఒదిగి కూర్చునేదాన్ని. దాని మెడ నా చెవి పక్కన. చలికాలంలో హీటర్ వేస్తే చెక్క ఎండి పగులుతుందని హీటర్ వెయ్యనిచ్చేవాడు కాదు. నేను రెండు స్వెటర్లు, కోటు, శాలువా. బేస్ కడుపులో తడి స్పాంజి. దానికి జరిగిన సేవ మా ఇద్దరిలో ఎవరికీ జరగలేదు.

ఊరి పేపర్లలో రాసేవాళ్ళకి ఏనుగు తప్ప ఇంకో పోలిక తెలియదు. 'ఏనుగు పాడింది', 'ఏనుగు నాట్యం చేసింది'. తెలుగువాళ్ళ ఇళ్ళకి భోజనానికి వెళ్తే ఆంటీలు జాలిగా చూసేవాళ్ళు. "అంత పెద్దది మోసుకు తిరిగే బదులు ఫిడేలు నేర్చుకోకపోయారా అండీ," అని ఒకావిడ పప్పు వడ్డిస్తూ అడిగింది. అన్నయ్య నవ్వి, "ఫిడేలు వెనక నేను కనపడిపోతానండీ," అన్నాడు. ఆర్కెస్ట్రాలో ఉద్యోగాలకి రెండుసార్లు పిలుపు వస్తే వెళ్ళలేదు. వెనక వరసలో నిలబడటం మద్రాసులోనే అయిపోయిందన్నాడు. సోలో వాయించాలి, లేకపోతే మానెయ్యాలి. మూడో దారి ఆయనకి లేదు.

ఎనభై మూడు శీతాకాలంలో ఎడమ చెయ్యి మొరాయించడం మొదలైంది. ఉంగరం వేలు, చిటికెన వేలు వాయిస్తుండగా వాటంతటవే అరచేతిలోకి ముడుచుకునేవి. నొప్పి లేదు. కప్పు పట్టుకోవడానికి, బొత్తాం పెట్టుకోవడానికి ఏ అడ్డూ లేదు. తీగ మీద పెడితేనే ఆ వేళ్ళు ఆయన మాట వినేవి కాదు. డాక్టర్లు ఎక్స్‌రే తీశారు, అంతా బాగుందన్నారు, స్ట్రెస్ అన్నారు. ఇవన్నీ నాకు ఆయన చెప్పినవి కావు. చొక్కా జేబులో అపాయింట్‌మెంట్ చీటీ చూసి, మా ఆసుపత్రిలో తెలిసినవాళ్ళని అడిగి తెలుసుకున్నాను. దొంగలాగా.

నేను రోజుకి ఎనిమిది గంటలు ముక్కూ మొహం తెలియనివాళ్ళని అడగకూడనివి అడిగి బతికేదాన్ని. విరేచనమైందా, ఎన్నిసార్లు, ఏ రంగులో. మొగుడు కొట్టాడా, తనే పడిందా. ఒక్కదానికీ నోరు తడబడేది కాదు. ఇంటికొచ్చి అన్నయ్యని "చెయ్యెలా ఉంది?" అని అడగలేకపోయాను. నాన్న గుర్తొచ్చేవాడు. చిన్నబుచ్చుకుంటాడు అనుకునేదాన్ని.

ఆ చలికాలమే అయోవాలో ఒక చర్చిలో కచేరీకి ముందు మొదటిసారి తీగలు దించాడు. వదులు చేసిన తీగ వేలి కింద మెత్తగా ఉంటుంది, చెయ్యి అంత కష్టపడక్కర్లేదు. దించిన సంగతి చెప్పలేదు. గోడ అవతల శ్రుతి చూసుకుంటుంటే విన్నాను. విని, ఎర్ర ఫైలు సంచిలో పెట్టి నీలం ఫైలు పట్టుకుని స్టేజి ఎక్కాను. ఆయన నా చేతిలో ఫైలు రంగు చూశాడు, చూపు తిప్పుకున్నాడు. నీలం అట్ట చూసినందుకు ఆయన మొహంలో కాస్త ప్రాణం వచ్చిందనిపించింది. నేను గర్వపడ్డాను. నాన్న ఉంటే శభాష్ అనేవాడు అనుకున్నాను.

అప్పట్నుంచీ మా పద్ధతి అదే అయింది. ఊరికి వెళ్ళడం, ఆయన గదిలోకి పోవడం, నేను బయట నిలబడి వినడం, విన్నదాన్ని బట్టి ఫైలు తియ్యడం. ఒక స్వరం కింద వాయించిన కచేరీల్లో ఏజెన్సీకి ఉత్తరం రాసిన శ్రోత ఒక్కడూ లేడు. ఎవరికి తెలుస్తుంది? గొంతు కొంచెం మసకగా ఉండేది, అంతే. ఆ మసక ఆయనకీ నాకూ మాత్రమే వినిపించేది. ఏడాదికి పైగా ఆ మాట ఒక్కసారి కూడా మా మధ్య రాలేదు.

ఎనభై అయిదు వసంతంలో ఏజెన్సీ నుంచి ఉత్తరం వచ్చింది. బుకింగులు తగ్గాయి, తర్వాతి సీజన్‌కి జాబితా మళ్ళీ రాస్తున్నారు, దాన్ని రాసే ఆవిడ స్వయంగా వచ్చి ఒకసారి వింటుంది. షికాగో పక్కనే ఒక కాలేజీలో, ఆదివారం మధ్యాహ్నం మూడింటికి. జాబితాలో పేరు ఉంటే సోలో వాయించేవాడు, పేరు తీసేస్తే ఇంట్లో పెద్ద చెక్కపెట్టె ఉన్న మనిషి. ఉత్తరం చదివి అన్నయ్య ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టాడు. ఆ నెలంతా పాలకోసం తలుపు తీసినప్పుడల్లా అది మమ్మల్ని చూసేది.

ఆ ఆదివారం చర్చి మానేసి పొద్దున్నే హాలుకి వెళ్ళాం. రిహార్సల్ పై శ్రుతిలోనే మొదలుపెట్టాడు. ఎన్నాళ్ళయిందో ఆ గొంతు విని. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ రెండో పేజీలో వేగంగా పరిగెత్తే చోట చిటికెన వేలు ముడుచుకుపోయింది. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అక్కడే.

"చాలు," అన్నాడు. బేస్ తీసుకుని గదిలోకి వెళ్ళాడు.

నేను అలవాటుగా తలుపు బయట నిలబడ్డాను. బిరడాలు తిప్పుతున్న చప్పుడు. ఒక్కో తీగా జారి కిందికి దిగడం స్పష్టంగా విన్నాను, నాలుగూ దించాడు. ఆ కింద శ్రుతిలోనే కొంచెం వాయించాడు, వేగంగా ఉన్న ఆ చోటు కూడా. ఎక్కడా ఆగలేదు. ఇక పొరపాటు జరగడానికి వీల్లేదని ఎర్ర ఫైలు తీసుకెళ్ళి కార్‌లో పెట్టి తాళం వేశాను. తర్వాత కింద ఉన్న లేడీస్ రూమ్‌కి వెళ్ళి పట్టుచీర కట్టుకున్నాను. కుచ్చిళ్ళు కుదరక ముప్పావుగంట పట్టింది.

ఇంకో తెలివైన పని కూడా చేశాను. అట్టలు చివికిపోయిన ఆ చవక ఫైలు ఏజెన్సీ ఆవిడ ముందు ఎందుకని కాగితాలు విడిగా తీసి పట్టుకున్నాను. అన్నయ్యకి చూడటానికి రంగేమీ మిగల్లేదు.

స్టేజి మీదికి వచ్చాక మామూలుగా పియానో మీద ఒక స్వరం అడిగి తీగలు సరిచూసుకునేవాడు. ఆవేళ నేను వెయ్యబోతే తల అడ్డంగా ఊపి, "లోపలే చూసుకున్నాను," అన్నాడు. దించిన సంగతి హాలు వినకూడదనుకున్నాడని నేను అనుకున్నాను.

ఆవేళ వాయించాల్సిన పెద్ద సోలో రచన ఒక కాన్చెర్టో, దాని మొదట్లో అర నిమిషం పియానో ఒక్కటే. నేను వేళ్ళు పెట్టిన మొదటి క్షణమే ఆయన తల తిప్పి నావైపు చూశాడు. ఆ చూపు నాకు అర్థం కాలేదు. కాలేదంటే, అర్థమైందనుకున్నాను. నాకు తెలుసులే అన్నయ్యా, నువ్వు దిగులుపడకు, అని చెప్పినట్టు తల ఊపి నవ్వాను కూడా.

అర నిమిషం అయింది. ఆయన అందుకున్నాడు, నా శ్రుతిలోనే. మొదటి పేజీ బాగానే నడిచింది. నాకెక్కడో చెవిలో ముల్లు గుచ్చుకుంటోంది. దించిన తీగ ఇంత బిర్రుగా, ఇంత వెలుతురుగా పలకదే. తర్వాత ఒక చోట ఏ వేలూ లేకుండా తీగ తనంత తాను మోగాలి. మోగలేదు. అప్పుడు ఆయన ఎడమ చెయ్యి వైపు చూశాను. చెయ్యి ఉండాల్సిన చోట లేదు. ప్రతి స్వరం దగ్గరా మెడ మీద ఒక మెట్టు పైకి జరిగి ఉంది, తల వైపు.

అర్థమైంది. నేను కింద చీర కట్టుకుంటున్నప్పుడు ఆయన మళ్ళీ నాలుగు తీగలూ పైకి బిగించాడు. పై శ్రుతిలో వాయించడానికే వచ్చాడు. వచ్చి, నేను కింద పట్టుకున్నది విని, నన్ను హాలు ముందు తప్పుపట్టడం ఇష్టంలేక, ముప్పై ఏళ్ళుగా వేళ్ళకి తెలిసిన దారులన్నీ వదిలేసి, ఆ చేతితో, అప్పటికప్పుడు కొత్త దారులు వెతుక్కుంటూ నా వెంట దిగి వస్తున్నాడు.

నేను అక్కడ ఆగిపోయి ఉండాల్సింది. ఆగి, లేచి, క్షమించండి, కాగితాలు తప్పు తెచ్చాను అంటే సరిపోయేది. జనం నవ్వేవాళ్ళు, అంతే. కానీ నాకు దిద్దడమే తెలుసు, చెప్పడం రాదు. పేజీ చివర మళ్ళీ పియానో ఒక్కటే వాయించే చోటు వచ్చింది. ఇక్కడ నేనే పైకి ఎక్కుతాను, ఆయన దగ్గరికి నేనే వెళ్తాను అనుకున్నాను. కాగితం చూస్తూ, ప్రతి స్వరాన్నీ మనసులో ఒక మెట్టు ఎత్తుకుంటూ, చెమటలు కక్కుతూ ఎక్కాను. ఎక్కి, రా అన్నయ్యా అన్నట్టు చూశాను.

ఆ కాస్త వ్యవధిలో ఆయన తర్వాతి పేజీ మొత్తం నా శ్రుతికి వేళ్ళు వెతుక్కుని పెట్టుకున్నాడు. ఆ వెతుకులాటలో నేను పైకెక్కింది వినక కిందే అందుకున్నాడు.

ఆ చప్పుడు ఇప్పటికీ నా పళ్ళలో ఉంది. ఆయన చటుక్కున పై శ్రుతికి జరిగాడు. నేను చటుక్కున కిందికి దిగాను. గుమ్మంలో ఎదురుపడ్డ ఇద్దరు దారి ఇవ్వబోయి ఒకే పక్కకి తప్పుకుంటారే, అలా రెండుసార్లు. మూడోసారి చెయ్యి ముడుచుకుపోయింది, అయిదు వేళ్ళూ. ఆయన కమాను దించాడు. హాలు వైపు తిరిగి ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పాడు. "క్షమించండి. నా చెయ్యి బాగాలేదు. మా చెల్లెలి తప్పేమీ లేదు."

జనం మర్యాదగా చప్పట్లు కొట్టారు. ఏజెన్సీ ఆవిడ లోపలికి వచ్చి ఆయన ఎడమ చేతిని తన రెండు చేతుల్లోకీ తీసుకుని, బాగా రెస్ట్ తీసుకోమంది. మంచి మనిషే. మూడు వారాలకి ఉత్తరం పంపించింది. అందులో కూడా మర్యాదే ఉంది, కొత్త జాబితాలో ఆయన పేరు లేదు.

ఆ సాయంత్రం కార్‌లో తిరిగి వస్తున్నాం. వెనక సీట్లో బేస్ మెడ పక్కన కూర్చుని చివరికి నేనే అన్నాను.

"నువ్వు దించడం విన్నాను అన్నయ్యా."

"దించాను. ఒకసారి అట్లా వాయించుకుంటే చెయ్యి తేలికపడుద్దని. మళ్ళీ పెంచాను."

"మరి నాకు చెప్పొచ్చు కదా."

"నువ్వెప్పుడు అడిగావు గనక?"

కోపంగా అన్నమాట కాదు. ఊరికే, రోడ్డు చూస్తూ అన్నాడు. ఎగ్జిట్ దాటాక ఇంకో మాట అన్నాడు. "ఇవాళ ఒక్కరోజైనా పైనే వాయిద్దామనుకున్నానే. ఆగిపోతే పైనే ఆగిపోదామని."

ఎర్ర ఫైలు తీసుకుని ఉంటే ఏం జరిగేదో నాకు తెలియదు. రెండో పేజీలో వేలు ముడుచుకునేదే కావచ్చు. అప్పుడా ఓటమి ఆయనది అయ్యేది, తను ఎంచుకున్న చోట, తన సొంత గొంతుతో. దాన్ని కూడా నేను లాక్కున్నాను, ప్రేమ అనే పేరుతో. ఇంతకంటే మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

తర్వాత ఆయన ఒక రిపేరు షాపులో చేరాడు. స్కూళ్ళ నుంచి వచ్చే విరిగిన చెల్లోలకి, బేసులకి జిగురు పెట్టి బిగింపులు వేసే పని. జిగురు పనికి ఆ వేళ్ళు చక్కగా మాట వినేవి. సొంత బేస్‌ని గరాజ్‌లో నిలబెట్టాడు. మొదటి చలికాలం స్పాంజి తడపలేదు. నేను గుర్తుచెయ్యలేదు. జనవరిలో పైచెక్క ఒక కొస నుంచి ఇంకో కొసకి పగిలింది. ఊళ్ళోవాళ్ళ పగుళ్ళన్నీ అతికించినవాడు దాన్ని ముట్టుకోలేదు.

మూడేళ్ళ తర్వాత ఒక గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం అరోరాలో తెలిసినవాళ్ళ బేస్‌మెంట్‌లో తెలుగు ప్రార్థన కూటం పెట్టారు. పది కుటుంబాలు, మడత కుర్చీలు, ఒక ఎలక్ట్రిక్ కీబోర్డు. ఎవరో అన్నయ్యని కీర్తన పాడమన్నారు. ఆయన పాట మానేసి కూడా చాలాకాలమైంది. లేచి నిలబడి ఒకసారి గొంతు సవరించుకున్నాడు. నా చేతులు వాటంతటవే ఒక మెట్టు కిందికి వెళ్ళాయి. నాన్న చేతులు.

చేతులు వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాను.

"ఏ శ్రుతిలో పట్టుకోను అన్నయ్యా?" అని అడిగాను. అవసరమైనదానికంటే గట్టిగా వచ్చింది. మాటలాపి అందరూ మా వైపు చూశారు. పక్కనున్న ఆంటీ, అన్నాచెల్లెళ్ళకి ఆమాత్రం తెలియదా అన్నట్టు చూసింది.

అన్నయ్య నావైపు తిరిగాడు. చిన్నబుచ్చుకోలేదు.

"కిందే పట్టుకో. పైది ఇంక అందదే నాకు," అన్నాడు.

పన్నెండేళ్ళు పక్కన కూర్చుని వాయించినదాన్ని, ఆ మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి. అడగడానికి పట్టిన సమయం ఎంత? కింద పట్టుకున్నాను, ఆయన పాడాడు, నాకు కీబోర్డు కనపడలేదు. ఆవేళ కాలేజీలో అన్నయ్య తీగలు దించిన గది తలుపు గడియ కూడా వేసి లేదు. బెత్తెడు తెరిచే ఉంది.